నొక్కని బటన్

మా ఇంట్లో ఏళ్ళ తరబడి అడ్డాకు విస్తళ్ళలోనే అన్నం తిన్నాం. పండక్కి కాదు, పెళ్ళికి కాదు, మామూలు మంగళవారం నాడు, కవళ్ళ చేపల పులుసూ అన్నమూ. సంతలో కొండ దిగి వచ్చిన ఆడవాళ్ళ దగ్గర కట్టలు కట్టలుగా కొని వంటింటి మూల పెట్టేదాన్ని. తినే ముందు నాలుగు నీటిచుక్కలు చిలకరించి పరిచేదాన్ని. కళింగపట్నంలో మా వీధి ఆడవాళ్ళకి ఇది మంచి కాలక్షేపం. "పంతులమ్మింట్లో రోజూ పెల్లి బోజనాలేనర్రా" అని చేపలు ఎండబెట్టుకుంటూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఒళ్ళు మండేది.

ఆ నియమం నాది కాదు, మా బావది. బావ అంటే నా మేనత్త కొడుకు, నన్ను కట్టుకున్నవాడు. ఇద్దరివీ సముద్రంలో చేపల వేటకెళ్ళే ఇళ్ళే. నేను చదువుకుని బడిలో పంతులమ్మనయ్యాను. అతను మీసాలు సరిగ్గా రాకముందే నేవీలో చేరి జలాంతర్గాముల్లోకి వెళ్ళాడు. అక్కడ అతని పని వినడం. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నీళ్ళలో ఏ మూల ఏ చప్పుడు అవుతోందో విని పైవాళ్ళకి చెప్పడం. వినడానికి జీతం ఇస్తారని తెలిసి మా అమ్మ ఎంత ఆశ్చర్యపోయిందో. "మా పిల్ల మాటాడతాది, ఆడు ఇంటాడు. దేవుడే కలిపినాడు" అంది.

పెళ్ళికి మా నాన్న పేర్లు కొట్టించి మరీ స్టీలు పళ్ళేలు పెట్టాడు. కాపరానికి వచ్చిన కొత్తల్లోనే బావ వాటిని గోనెసంచిలో కట్టి అటక ఎక్కించేశాడు. ఎందుకని అడిగితే "చప్పుడు" అన్నాడు. అంతే. గిన్నెలు దించే చోట గోనెపట్టా పరిచాడు. తలుపు రెక్కలకి పాత సైకిల్ ట్యూబు ముక్కలు కొట్టాడు. అయినా ఇల్లన్నాక ఎప్పుడో ఒకప్పుడు గరిటె జారుతుంది, మూత దొర్లుతుంది. అలాంటప్పుడు మా బావ నిలుచున్నచోట నిలుచున్నట్టే బిగిసిపోయేవాడు. ఊపిరి కూడా తీసేవాడు కాదు. కాసేపటికి ఏమీ జరగనట్టు కదిలేవాడు. అది కోపం అనుకునేదాన్ని నేను. నా చేతి దురుసుతనం మీద మొగుడి కోపం. "నోటితో తిట్టరాదా, ఆ మొకం ఏటి?" అని నేనే గొడవకి దిగేదాన్ని. అవతలివాడు మాట్లాడకపోతే గొడవ ఎంతసేపని సాగుతుంది?

రిటైరయ్యి వచ్చేశాక మాత్రం మాకు బాగా కుదిరింది. పొద్దున్నే టీ తాగుతూ నేను ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేదాన్ని, అతను వినేవాడు. మధ్యలో ఎక్కడో ఒక చిన్న మాట అనేవాడు. దానికి నేను మధ్యాహ్నం దాకా నవ్వుకునేదాన్ని. బడిలో నా మాట వినని పిల్లలు ఉన్నారు, ఇంట్లో వినని చుట్టాలు ఉన్నారు. నా మాట పూర్తిగా విన్నవాడు ఈ భూమ్మీద అతనొక్కడే.

అలాంటివాడు, ఆ ఏడు నేను కూడా బడి నుంచి రిటైరయ్యి ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టాక, కుర్చీ జరపడం మొదలుపెట్టాడు.

మాది ఒడ్డుకి దగ్గర ఇల్లే. మంచం మీద పడుకున్నా కెరటాల చప్పుడు వస్తుంది. బావకి పొద్దున్న లేవగానే కాసేపు అది వినడం అలవాటు. మొదట్లో మంచం మీదే వినేవాడు. తర్వాత వరండాలో కుర్చీ వేసుకున్నాడు. ఉక్కపోత కాబోలు అనుకున్నాను. వర్షాలు వెళ్ళేసరికి కుర్చీ గుమ్మం దాటింది. ఎండలు వచ్చేసరికి పడవలు లాగి పెట్టే చోటుకి చేరింది. ఒక రోజు టీ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే, నీళ్ళు కాళ్ళ మీదకి వచ్చే చోట కూర్చుని ఉన్నాడు. పంచె మోకాళ్ళ దాకా తడిసిపోయింది. వెనక నుంచి పిలిచాను. నా గొంతు సంగతి మా ఊరికంతా తెలుసు. అతను తిరగలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే అప్పుడు చూసి నవ్వాడు.

అప్పుడు అర్థమైంది నాకు. కొన్ని నెలలుగా నా కబుర్లకి తల ఊపుతున్నది విని కాదు, నా పెదాలు చూసి.

మా అమ్మాయి ఎచ్చెర్ల యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. ఫోన్ చేస్తే మర్నాడే కారు తీసుకొచ్చి ఇద్దరినీ శ్రీకాకుళం చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ బావని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. గోడలన్నీ మెత్తలు వేసి, ఒక చిన్న గాజు కిటికీ పెట్టి ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించారు, చేతికి ఒక బటన్ ఇచ్చారు. టెస్టు చేసే అమ్మాయి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది, చప్పుడు వినబడిన ప్రతిసారీ నొక్కాలని. బావ తల ఊపాడు. తలుపు మూశారు.

నేను కిటికీలోంచి చూస్తున్నాను. పాతికేళ్ళ వయసు నాటి మనిషి కనిపించాడు నాకు. వీపు నిటారుగా పెట్టి, కళ్ళు సగం మూసి, తల కొంచెం పక్కకి వంచి. అంత శ్రద్ధగా వింటున్న మనిషి బటన్ మాత్రం ఒక్కసారీ నొక్కలేదు. ఆ అమ్మాయి ఏవేవో తిప్పింది, పెంచింది, ఇంకా పెంచింది. బొటనవేలు కదల్లేదు.

డాక్టరు మెత్తగానే చెప్పాడు. రెండు వైపులా నరం దాదాపు పోయిందట. టెస్టు ప్రకారం చూస్తే మెషిన్ పెట్టినా లాభం ఉండకపోవచ్చట. పెద్ద ఆపరేషన్ ఏదో విశాఖపట్నంలో చేస్తారు కానీ ఈ వయసులో ఆలోచించుకోమన్నాడు. మా అమ్మాయి ఏవో ప్రశ్నలు అడుగుతూనే ఉంది. నాకు ఒక్కటే అర్థమైంది. ఇంక ఈ మనిషికి నా మాట చేరదు. పొద్దున్న టీ ఉంటుంది, ఎదురుగా అతను ఉంటాడు, నేను గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకోవాలి. దారి పొడుగునా కారు కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. దానికి ఇంకా ఏడుపొచ్చింది.

అమ్మాయి మమ్మల్ని దించేసి వెళ్ళింది. అప్పుడు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. ఇంట్లో దొరికింది ఆ విస్తళ్ళ కట్ట. చెవులు వినబడని ఇంట్లో ఇంకా ఈ ఆకులెందుకు? మా నాన్న పెట్టిన పళ్ళెంలో ఒక్క పూటైనా తిని చస్తాను అనుకుని, స్టూలు ఎక్కి అటక మీది గోనెసంచి దించబోయాను. ముడి తాడు చీకిపోయి ఉంది, లాగగానే తెగింది. పై పళ్ళెం జారి గచ్చు మీద పడింది.

బావ నాకు వీపు పెట్టి వరండా గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పళ్ళెం ఇంకా తిరుగుతూనే ఉంది, అతని భుజాలు బిగుసుకున్నాయి. చెయ్యి మోకాలి మీద అలాగే ఆగిపోయింది. ఊపిరి తీయడం లేదు.

అన్నాళ్ళూ నేను తిట్టిన ఆ బిగుసుకోవడం చూసి ఆ రోజు దేవుడు కనిపించినంత పనైంది. స్టూలు మీంచి దూకి పరిగెత్తాను. ఆ వయసులో దూకడమేమిటో.

"బావా, నీకు ఇనపడతన్నాది! ఇనపడతన్నాది కదా!" అని కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

"పల్లెం," అన్నాడు మెల్లిగా.

"మరి అక్కడ అన్ని చప్పుళ్ళు పెట్టినాదే ఆ పిల్ల. ఒక్కటీ ఇనపడనేదా?"

లేచి లోపలికి వచ్చి, పళ్ళెం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. తర్వాత "కొన్ని ఇనపడ్డాయి" అన్నాడు.

"ఇనపడితే నొక్కవేటి?"

"నొక్కలేకపోనాను" అన్నాడు. అని, పెళ్ళయిన ఇన్నేళ్ళకి, ఆ పళ్ళెం గచ్చు మీద ఉండగానే, చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఏదైనా అడగాలంటే చెవి దగ్గరికి వంగాల్సి వచ్చేది. అందుకని తక్కువ అడిగాను, ఎక్కువ విన్నాను. మా ఇద్దరి పనులూ ఆ ఒక్క పూట తారుమారయ్యాయి.

అది యుద్ధం రోజుల్లో, మా పెళ్ళికి ముందు. బావ ఉన్న బోటు, అదే జలాంతర్గామి, పడమటి సముద్రంలో ఎక్కడో నీళ్ళ కింద ఉంది. ఎక్కడ అంటే ఇప్పటికీ చెప్పకూడదట. నేనేదో వెళ్ళి శత్రువులకి చెప్పేసినట్టు! బావ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాడు. రొయ్యల చిటపటలు, చేపల గొరగొర, ఇవన్నీ మా వాళ్ళకి పుట్టుకతో తెలిసినవే. వాటి వెనక ఇంకోటి వినబడింది. దూరంగా ఎవరో పిండి దంచుతున్నట్టు, నెమ్మదిగా, ఒకే తీరులో. పైన పోయే ఓడ కాదు. వీళ్ళ బోటు లాంటిదే ఇంకో బోటు, శత్రువులది, నీళ్ళ కిందే ఉంది. బటన్ నొక్కి కెప్టెన్‌కి దిక్కు చెప్పాడు. వినబడితే అక్కడ ఉన్న బటన్ నొక్కి మైకులో చెప్పాలి, మిగతా పని పైవాళ్ళు చూసుకుంటారు.

అంతలో ఆ దంచుడు ఆగిపోయింది. అంటే వాళ్ళకీ వీళ్ళు వినబడ్డారన్నమాట.

"నీల కింద కిటికీ ఉండదే. కళ్ళు పని సెయ్యవు. రెండు బోట్లూ గుడ్డివే. ఎవులు చప్పుడు సేస్తే ఆలు దొరికిపోతారు. దొరికితే అంతే, అందరూ ఒక్కపాలే ఎల్లిపోతారు."

మోటార్లు ఆపేశారు. ఫ్యాన్లు కట్టేశారు. పని లేనివాళ్ళు గాలి మిగలాలని బల్లల మీద కదలకుండా పడుకున్నారు. వంట లేదు, మాట లేదు. చెప్పులు విప్పేశారు. దగ్గు వచ్చినవాడు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. చెమట చుక్క కింద పడితే కూడా భయమేసిందట. అలా గంటల తరబడి. అవతల బోటులో కూడా తనలాంటివాడే ఒకడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బటన్ మీద వేలు ఉంచి, తనని వింటూ కూర్చుని ఉంటాడని బావకి తెలుసు. అతని ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఉన్నాడట. ఒక్కోసారి వాడికీ చెవులు చెమట పడతాయి కాబోలు అనుకున్నాడట.

అప్పుడు వంటగది వైపు ఎవరి కాలో తగిలింది. ఒక స్టీలు పళ్ళెం ఇనప నేల మీద పడింది. పడి ఊరుకుంటే బాగుండును. తిరిగి తిరిగి మోగింది.

"అంత పెద్ద చప్పుడు నాను నా జన్మలో ఇననేదు" అన్నాడు బావ.

అందరూ కళ్ళు మూసుకున్నారు. బావ మూసుకోలేదు, వినాలి కదా, అది పని. అవతల నుంచి వచ్చే టార్పిడో చప్పుడు మొదట వినబడేది అతనికే. విన్నాడు. రొయ్యలు చిటపటలాడుతున్నాయి. ఇంకేమీ రాలేదు. ఎంతసేపు విన్నా ఇంకేమీ రాలేదు.

చాలాసేపటికి అవతల మళ్ళీ దంచుడు మొదలైంది. దగ్గరికి కాదు, దూరంగా. వాళ్ళు వెళ్ళిపోతున్నారు.

"ఆడికి ఇనపడ్డాది," అన్నాడు బావ. "ఇనపడకుండా ఎలాగ ఉంటాది? నా అంత చెవి ఆడికీ ఉంటాది. ఆడు నొక్కనేదు. నొక్కుంటే నాను బతికుండేవోడినే కాదు, నువ్వు నన్ను సూసేదానివే కాదు."

నాకు నోరు ఆగదు. "ఆడు నిద్దరోయాడేమో బావా. నేకపోతే హెడ్‌ఫోన్లు తీసి చెవి గోక్కుంటన్నాడేమో. ఆడు నొక్కినా ఆల కెప్టెన్ వద్దన్నాడేమో" అన్నాను.

బావ నవ్వాడు. "ఏదైనా అవనీ. బతికున్నాను కదా."

"మరి ఆలు ఎల్లిపోతన్నప్పుడు నువ్వు ఏటి సేసినావు? నువ్వు సెప్పాల కదా?"

"సెప్పాను. సెప్పడం నా పని." తల దించుకుని కాలితో పళ్ళెం అంచుని మెల్లిగా కదిపాడు. "కొంచెం ఆగి సెప్పాను. అప్పటికి దూరం ఎల్లిపోనారు."

తర్వాత అసలు మాట చెప్పాడు. పొద్దున్న ఆ చిన్న గదిలో మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, వినబడిన ప్రతిదానికీ నొక్కమన్నారు. దూరంగా ఏదో వినబడింది. వేలు బటన్ మీదకి వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది. నొక్కకపోవడం వల్ల ఎవడో తనకి ఇంత బతుకు ఇచ్చాడు, ఇప్పుడు ఆ పిల్ల చప్పుడు చేస్తోంది, తను నొక్కేస్తే ఆ పిల్ల దొరికిపోదా? తెలుసట, అది ఆస్పత్రి అని తెలుసట. వేలికి తెలీలేదట.

నేను అతని తల పట్టుకుని ఏడ్చాను. ఈసారి ఏడుపు వేరు. ఇన్నేళ్ళూ నా చేతి దురుసుతనానికి కోపం అనుకున్నది, చావు రాలేదని నిర్ధారణ చేసుకోవడమన్నమాట. ప్రతి గరిటె చప్పుడుకీ మా వంటింట్లో అతను ఒకసారి బతికి బయటపడుతున్నాడు. నాకు చెబితే నేను ఎవరితోనో ఒకరితో అనకుండా ఉండలేనని చెప్పలేదట. అది మాత్రం నిజమే.

మర్నాడే అమ్మాయిని పిలిచి మళ్ళీ శ్రీకాకుళం వెళ్ళాం. టెస్టు చేసే పిల్లకి జరిగింది చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. బటన్ తీసి పక్కన పెట్టేసి, లోపల ఇంకో కుర్చీ వేసింది. "మీరు తాతగారి చెయ్యి పట్టుకోండమ్మా. వినబడితే మీ చెయ్యి నొక్కుతారు, మీరు నాకు రెండో చెయ్యి ఎత్తి చూపించండి" అంది. నేను బావ చెవి దగ్గర వంగి "నా చెయ్యి నొక్కితే ఏ బోటూ మునిగిపోదు. గట్టిగా నొక్కు" అన్నాను.

తలుపు మూశారు. నాకు ఏమీ వినబడటం లేదు, ఆ చప్పుళ్ళన్నీ అతని చెవులకే. ఆ మెత్తటి గోడల మధ్య ఇద్దరం కూర్చున్నాం. కొంతసేపు ఏమీ లేదు. అప్పుడు నా వేళ్ళ మీద సన్నగా ఒక నొక్కు. చెయ్యి ఎత్తాను. ఇంకోటి. మళ్ళీ ఎత్తాను. ఒక చోట బాగా ఆలోచించి, నొక్కనా మాననా అన్నట్టు నొక్కాడు. కిటికీ అవతల ఆ పిల్ల నవ్వుతూ తల ఊపుతోంది. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. పెళ్ళిలో పట్టుకున్నప్పుడు కూడా ఆ చెయ్యి నాకు అంత ముద్దురాలేదు.

వినికిడి తగ్గిన మాట నిజమే కానీ మెషిన్‌తో నడిచిపోతుందని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళకి రెండు చెవులకీ పెట్టారు. మొదటి రోజు తిరిగి వస్తూ కారులో నేను మాట్లాడుతూనే ఉన్నాను. సగం దారిలో బావ "ఇంత గట్టిగా ఎప్పుడూ ఇలాగే మాటాడతావేటి?" అన్నాడు. మా అమ్మాయి కారు పక్కకి ఆపి నవ్వింది.

దారి మళ్ళించి శ్రీకూర్మం వెళ్దామన్నాను. నీళ్ళ అడుగున కొండని వీపు మీద మోసిన దేవుడు కదా, నీళ్ళ అడుగు సంగతులు ఆయనకి తెలియకపోవు. అర్చన చేయిస్తానంటే అర్చకుడు గోత్రం, పేరు అడిగాడు. బావకీ అమ్మాయికీ చెప్పాను. ఇంకొకరికి కూడా చెయ్యాలన్నాను.

"పేరమ్మా?"

"తెలీదండి."

"గోత్రం?"

"ఉంటాదో ఉండదో. మనోడు కాదు."

అర్చకుడు నా ముఖం చూశాడు. "ఎక్కడుంటారు?" అన్నాడు. అదీ తెలియదన్నాను. అసలు ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఆయన మంచివాడు, మరేమీ అడగలేదు. "లోకక్షేమం అని చెప్పి చేసేస్తానమ్మా, అందులో అందరూ వస్తారు" అన్నాడు. దండం పెట్టుకున్నాను. అతని బోటు అతన్ని ఇంటికి చేర్చి ఉండాలని, అతనికీ నాలాంటి వాగుడుకాయ ఒకతె దొరికి ఉండాలని, ముసలితనంలో ఆమె గొంతు అతనికి వినబడుతూ ఉండాలని. నాకు వచ్చినవన్నీ, మొగుడు, కూతురు, పొద్దున్న టీ, ఆ మనిషి వేలు కదలకపోవడం వల్ల వచ్చినవే. ఇంకెలా అడగాలో నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి ఎండ తగ్గింది. బావ కుర్చీ ఇంకా పడవల దగ్గరే ఉంది. వెళ్ళి తెచ్చి వరండాలో వేశాడు. కూర్చుని చూశాడు. తర్వాత అక్కడి నుంచి కూడా లేచి, లోపలికి వచ్చి, మంచం మీద కూర్చుని విన్నాడు. "వస్తన్నాది" అన్నాడు, చుట్టం గురించి చెప్పినట్టు.

నేను వంటింట్లోకి వెళ్ళి అలవాటుగా విస్తళ్ళ కట్ట విప్పబోతే, వెనకాలే వచ్చి ఆపాడు. గోనెసంచిలోంచి ఒక స్టీలు పళ్ళెం తీసి నా చేతికిచ్చాడు. మా పేర్లు కొట్టించిన పళ్ళెం.

"ఒకపాలి పడెయ్యి," అన్నాడు.

"పిచ్చా నీకు?"

"పడెయ్యే."

వదిలాను. గచ్చు మీద పడి, అంచు మీద తిరిగి, తిరిగి, మోగి మోగి, సన్నగా అయ్యి ఆగింది. బావ చెయ్యి ఎత్తి నన్ను కదలొద్దన్నాడు. మెషిన్లు పెట్టుకున్న తల పక్కకి వంచి విన్నాడు. నేనూ ఊపిరి బిగబట్టి విన్నాను. వీధిలో ఎవరో కోడిని తోలుతున్నారు. దాని వెనక సముద్రం. ఇంకేమీ రాలేదు.

"అప్పుడూ నొక్కనేదు, ఇప్పుడూ నొక్కనేదు," అన్నాడు బావ నవ్వుతూ. "మంచోడే."

ఆ పళ్ళెం కడిగి, అందులోనే అతనికి అన్నం పెట్టాను.